ఊపిరి అప్పగించిన పూట

పైన దీపం ఒక్కటి కాదు, పెద్ద పళ్లెంలో పొదిగినట్టు ఓ గుంపు దీపాలు. ఇంకా వెలిగించలేదు. వెలిగించలేదు గనుక వాటి అద్దాల్లో బుగ్గయ్యకు తానే కనబడుతున్నాడు, ఒక్కో అద్దంలో ఒక్కో బుగ్గయ్య, అందరూ మెడదాకా ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని వెల్లకిలా పడుకుని తనకేసి చూస్తున్నారు, ఇంతమందిలో పిత్తంలో రాళ్లున్న బుగ్గయ్య ఎవరో వీళ్లకు సరిగ్గా తెలుసా అని అనుమానం వచ్చింది, ఆ అనుమానానికి నవ్వొచ్చింది, నవ్వితే కుడి పక్కటెముకల కింద ఆ పాత పోటు లేచి నవ్వును అక్కడే తుంచేసింది. చలి. బయట సాగర్ రోడ్డు మీద ఎండ మాడ్చేస్తుంటే ఈ గదిలో ఇంత చలి ఎవరు తెచ్చి పోశారో. చెరువు అడుగున ఉంటుంది ఇలాంటి చలి, పైన నీళ్లు వెచ్చగా ఉన్నా కిందికి పోయేసరికి పాదాల నుంచి పైకి పాకుతుంది. బల్ల అతని వీపుకు సరిగ్గా సరిపోయేంతే ఉంది, ఒక్క పొర్లు పొర్లితే కింద పడతాడు. ఎడమ చేతికి సూది గుచ్చి సన్నటి గొట్టం తగిలించారు, కుడి జబ్బకు చుట్టిన పట్టా ఉండుండి తనంతట తానే ఉబ్బి, గట్టిగా పిసికి, మళ్లీ ఏమీ ఎరగనట్టు వదిలేస్తోంది. వేలికి బట్టలారేసే క్లిప్పులాంటిది పెట్టారు. తల వెనక ఎక్కడో టింగు టింగుమని మోగుతోంది. ఎవరిదో ఫోను అనుకున్నాడు ముందు, ఎత్తరేమి అని విసుక్కున్నాడు కూడా, విసుక్కోగానే మోత వేగం పెరిగింది, అప్పుడు అర్థమైంది అది తన గుండె అని. ఇన్నేళ్లు లోపల దాచుకున్నది ఇవాళ గదిలో అందరికీ వినబడుతోంది. నాకేం భయం, అని పొద్దున తమ్ముడు ఐలేష్‌తో మీసం దువ్వి మరీ చెప్పి వచ్చాడు, ఇక్కడ చూస్తే ఈ పెట్టె చాడీలు చెబుతోంది. సిగ్గేసింది. సిగ్గేస్తే ఇంకా వేగంగా మోగింది.

మూల నిలబడి చేతులు కడుక్కుంటున్నది పెద్ద డాక్టరు రమాకాంత్ సారు. ఇంటిల్లిపాదీ ఆయన పేరే జపం. హస్తవాసి మంచిదట, యాచారంలో ఎవరికో, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకెవరికో ఆయనే చేశాడట, మూడో రోజుకు లేచి పొలం పోయారట. కట్ట మైసమ్మకు పెళ్లాం నర్సింహమ్మ మొక్కుకున్నది కూడా ఆ సారు చెయ్యి వణకొద్దనే. అతనూ ఆయన కోసమే వచ్చాడు. తల దగ్గర ఇంకొకరుంటారని, వాళ్ల గురించి కూడా ఎవరినో ఒకరిని అడగాలని, ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మత్తు సూది ఇస్తరు అన్నాడు ఐలేష్, చీమ కుట్టినట్టుంటది, ఇచ్చి పోతరు, అంతే. అంతే అనుకున్నాడు అతనూ, నిన్న సాయంత్రం ఆ పిల్ల వచ్చేదాకా.

పిల్లే మరి, తన కూతురు నర్మద కన్నా చిన్నగా ఉంటుంది, సన్నగా, మెడలో గొట్టం, కాళ్లకు రబ్బరు చెప్పులు. నర్సమ్మ అనుకుని చాయ్ ఎప్పుడిస్తరని అడిగాడు. రేపు పని అయ్యేదాకా చాయ్ లేదు, నీళ్లు లేవు అంది, స్టూలు లాక్కుని కూర్చుంది, నోరు తెరువు బాపూ అంది. తెరిచాడు. నాలుక చాపమంది, మెడ వెనక్కి వంచమంది, పళ్లు ఒక్కొక్కటే వేలితో కదిపి చూసింది, ఎద్దును బేరం చేసేవాడు ఇలాగే చూస్తాడు, నన్ను ఏ సంతకు తోలుతరో అనుకున్నాడు లోపల. కింది పన్ను ఒకటి ఊగుతుంటే అక్కడ ఆగింది.

"గిది ఎప్పటిసంది ఊగుతుంది?"

"ఉగాది కాడి నుంచి. పీకేయరాదు బిడ్డా, పీడ పోతది."

"పీకను. కని నాకు ఎరుకుండాలె. రేపు నీ గొంతుల గొట్టం ఏసేటప్పుడు గిది ఊడి లోపలికి పోవద్దు."

గొంతులో గొట్టమా. కోసేది కడుపు కదా, గొంతుతో వీళ్లకేం పని. ఈ మాట అడిగేలోపు ఆమె కల్లు సంగతి ఎత్తింది. తాగడు డాక్టరమ్మా, మైసమ్మ తోడు, అని నర్సింహమ్మ మంచం అవతలి నుంచి ఒట్టు పెట్టబోయింది. తాగుత, అన్నాడు అతను, పొద్దూకితే ఒక సీస, చుట్టాలొస్తే ఇంకొకటి. ఆమె తిట్టలేదు, ముఖం చిట్లించలేదు, తాగని రోజు చేతులు వణుకుతయా, నిద్ర పడుతదా అని నెమ్మదిగా అడిగింది, నువ్వు అబద్ధం చెప్తే నా లెక్క తప్పుతది బాపూ అంది. తన గురించి ఇంత వివరంగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పెళ్లిచూపుల్లో కూడా నర్సింహమ్మ తండ్రి రెండే రెండు మాటలడిగాడు. నడిస్తే ఆయాసమొస్తదా, మెట్లెక్కుతవా అని ఆమె అడిగినప్పుడు బుగ్గయ్యకు పౌరుషం వచ్చింది.

"మెట్లేంది బిడ్డా, చెర్వు అడుగుకు పోయొస్త."

"ఎంతసేపుంటవ్ నీళ్లల్ల?"

"బీడీ సగం కాలేదాంక."

"ఎవరు తాగుతరు గా బీడీ?"

"మా తమ్ముడు. తెప్ప మీద కూసోని."

నవ్వింది. నవ్వితే మెల్లగా భయం పోయింది. ఊరడిగాడు, మహేశ్వరం అంది, మా మేనత్తను ఆ ఊరికే ఇచ్చిన్రు అన్నాడు, నాన్న ఏం జేస్తడని అడిగాడు, బస్సు నడిపేవాడంది. అప్పుడడిగాడు, సూది ఇచ్చి నువ్వు ఇంటికి పోతవా బిడ్డా, అని. యాడికి పోత, నీ తలకాడనే ఉంట, నువ్వు కండ్లు తెరిచేదాంక, అంది. పండవెట్టినంక ఇంకేం పని ఉంటదమ్మా నీకు, అన్నాడు. ఆమె లేచినదల్లా మళ్లీ కూర్చుంది. ఆ కూర్చోవడం అతనికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం చూసి, చెప్పాలనే అనుకుని కూర్చున్న మనిషి.

"పండవెట్టుడు గాదు బాపూ. నిద్రల పిలిస్తే లేస్తవ్, దోమ కుడితే గోక్కుంటవ్. ఇందుల కోసినా తెల్వదు. నీ కండలన్ని వదులైతయ్, ఛాతీ గూడ. నీ అంతల నువ్వు ఊపిరి తీస్కోలేవ్. గంతసేపు నీకు ఊపిరి నేను ఆడిస్త."

ఆమె వెళ్లిపోయాక నర్సింహమ్మ, ఏం తిక్క మాటలు గివ్వి, పెద్ద సారుతోని చెప్పాలె అని ఎగిరింది. బుగ్గయ్య మాత్రం మంచం మీద అలాగే కూర్చుండిపోయాడు. ఊపిరి ఇంకొకరి చేతికి ఇవ్వడమంటే ఏమిటో నర్సింహమ్మకు తెలియదు, ఐలేష్‌కు తెలియదు, ఆ రమాకాంత్ సారుకు కూడా తెలియకపోవచ్చు, బుగ్గయ్యకు తెలుసు.

చెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న కాలంలో దాని అడుగంతా సర్కారు తుమ్మ మొలిచింది, దాంట్లో గొర్లు తిరిగాయి, పిల్లలు క్రికెట్ ఆడారు, బుగ్గయ్య వలలు అటక మీద పడేసి వెంచర్లలో రాళ్లు పాతడానికి పోయాడు. తర్వాత ఒక ఏడు వాన పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు, నీళ్లొచ్చాయి, చెరువు నిండి అలుగు దుమికింది, ఊరు ఊరంతా అలుగు చూడ్డానికి పోయింది. వలలు కిందికి దిగాయి. తుమ్మలు నీళ్లలో మునిగి చచ్చాయి గానీ పడిపోలేదు, మొద్దులై నిలబడే ఉన్నాయి, పైకి ఏమీ కనబడదు, వల వేస్తే ఎక్కడో పట్టుకుంటుంది. లాగితే చిరుగుతుంది. మనిషి దిగాలి. పడుచు పోరలు దిగనంటారు, వాళ్లకు ఈత వచ్చు గానీ చీకటి నీళ్లలో చేతులతో చూడటం రాదు. అందుకే బుగ్గయ్య. దిగే ముందు తెప్ప పట్టుకుని ఊపిరి బాగా నింపుకోవాలి, ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ, తల తేలికయ్యేదాకా, అప్పుడు చివరిదాన్ని గొంతు దగ్గర గడియ వేసి మునగాలి. ఆ గడియ వేయడం నాయిన నారయ్య నేర్పాడు, మెడ పట్టుకుని నీళ్లలో ముంచి నేర్పాడు. నీళ్లల్ల నోరు దెరిస్తె నువ్వుండవ్‌రా, నీళ్లే ఉంటయ్. ఎంత కష్టమైనా ఆ గడియ తియ్యకూడదు. ఒక్కసారి, పోయిన ఏడు, కాలు వలలో చిక్కింది, మొద్దుకూ వలకూ మధ్య, విడిపించుకుందామంటే వేళ్లు మొద్దుబారాయి, పైన వెలుతురు కనబడుతోంది, అంత దగ్గర్లో ఉంది, ఐలేష్ నీడ కనబడుతోంది, లోపల ఊపిరి తలుపు కొట్టడం మొదలుపెట్టింది. ముందు బతిమాలింది. తర్వాత తిట్టింది. తర్వాత ఇక ఇతన్ని అడగడం మానేసింది, నోరు దానంతట అదే తెరుచుకుంది. నీళ్లు లోపలికి వచ్చాయి, చల్లగా, బురద వాసనతో, నొప్పి కూడా లేదు, నొప్పి లేనందుకే భయమేసింది. ఐలేష్ జుట్టు పట్టుకుని లాగాడంటారు. అతనికి గుర్తున్నది ఒక్కటే, ఆ నోరు తెరుచుకున్న క్షణం. ఆ రోజు నుంచి అతనికి ఒక నిశ్చయం. మనిషికి ఇల్లు, పొలం, పెళ్లాం పిల్లలు, ఇవన్నీ ఉన్నట్టే గానీ నిజంగా తనదంటూ ఉన్నది ఆ ఒక్క గడియే. చావు వస్తే అది తెరుచుకుంటుంది. తెరవనన్నాళ్లు రాదు.

ఇప్పుడు ఆ గడియే ఇమ్మంటున్నారు. ఇచ్చాక తిరిగి రాకపోతే? యాచారం బస్సులో ఎవరో అనుకుంటుండగా విన్నాడు, కాలు విరిగి దవాఖానకు పోయిన మనిషట, మత్తు ఎక్కువైందట, ఇక లేవలేదట. ఎవరు, ఏ ఊరు, ఏ దవాఖాన అంటే చెప్పినవాడికీ తెలియదు. నర్మద కాన్పుకు వెన్నులో సూది ఇచ్చిన నాటి నుంచి దాని నడుము నొప్పికి ఇంటిల్లిపాదీ ఆ సూదినే తిడతారు, పిల్లవాణ్ని చంకనేసుకుని రోజంతా తిరిగేది మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అదే కాన్పులో, కడుపు కోస్తుంటే అది కళ్లు తెరుచుకుని పిల్లవాడి ఏడుపు విన్నది కదా, విని నవ్విందట కదా, ఆ సంగతి ఎవరైనా తలుచుకున్నారా? తనూ తలుచుకోలేదు. ఇప్పుడీ బల్ల మీద, ఈ చలిలో తలుచుకుంటుంటే ఒళ్లు జలదరించింది. కడుపు కోస్తుంటే నవ్వడం. దేవతలకు కూడా ఇలాంటివి జరిగినట్టు కథల్లో వినలేదు.

"బాపూ, గిప్పుడు మూతికి మాస్కు పెడుతున్న. పెద్దగ పీల్చు."

ఆమె వచ్చింది. తల వెనక నిలబడింది గనుక ముఖం తలకిందులుగా కనబడుతోంది, కళ్లు కింద, నుదురు ఇంకా కింద, నోటికి గుడ్డ. మాస్కు మెత్తగా, రబ్బరు వాసనతో, ముక్కూ నోరూ కలిపి కప్పేసింది. కప్పేయగానే చుట్టూ ఉన్న చప్పుడు దూరమైంది. సరిగ్గా ఇలాగే దూరమవుతుంది తల నీళ్లలోకి పోగానే, గట్టు మీద మాటలు, బస్సుల హారన్లు, అన్నీ దుప్పటి కప్పినట్టు. బుగ్గయ్య ఒక్క ఊపిరి నిండా పీల్చి గడియ వేశాడు. వేయాలనుకుని వేయలేదు. ముఖం మీద ఏదైనా మూసుకుంటే గొంతు మూసుకోవడం ఆ గొంతుకు ఇన్నేళ్లుగా ఉన్న అలవాటు, దానికి బల్లా తెలియదు, డాక్టర్లూ తెలియదు. పీల్చు బాపూ, అంటోంది. వినబడుతోంది. పీల్చడం ఎలా? కింద పీలిస్తే ఏమవుతుందో తెలియని పిల్ల, మహేశ్వరంలో ఏం చెరువుంది గనుక. పక్కన మిషనుకు ఒక రబ్బరు తిత్తి వేలాడుతోంది, అతని ఊపిరికి అది ఉబ్బి అణగాలి కాబోలు, అందరూ దాన్నే చూస్తున్నారు, అది కదలడం లేదు. ఏమైంది, అన్నాడు రమాకాంత్ సారు. పేషెంట్ ఊపిరి తీస్కోవట్లేదు సార్, అంది నర్సు, గొంతులో కంగారు. టింగు టింగు మాత్రం నిదానంగా మోగుతోంది, నీళ్లలో దిగినప్పుడు గుండె నిదానిస్తుందని బుగ్గయ్యకు తెలుసు, ఇన్నాళ్లకు దాన్ని చెవులతో విన్నాడు, గర్వంగా కూడా అనిపించింది, చూడండి, మీ పెట్టె నాకు భయమని చెప్పింది కదా, ఇప్పుడేమంటుంది? ఎంతసేపైనా ఉంటాడు. వీళ్లు విసిగిపోయి ఇంటికి పొమ్మంటే పోతాడు, రాళ్లు ఉండనీ, కడుపులో మూలన పడి ఉంటాయి. బుగ్గయ్యా పీల్చవయ్యా, అని ఎవరో భుజం కుదిపారు. కుదిపితే ఇంకా గట్టిగా మూసుకుంది.

అప్పుడు తలకిందులు ముఖం కిందికి వంగింది, బాగా దగ్గరికి, కళ్లు అతని కళ్లలోకి చూశాయి, చూసి, ఆ కళ్ల చివర్లు ముడతలు పడ్డాయి.

"బాపూ. మునిగినవా?"

అతను రెప్పలు ఆర్పాడు. అవ్.

"జర ఆగుండ్రి సార్," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. మాస్కును కొంచెం ఎత్తి పట్టుకుంది, వెలుతురు దూరింది. "ఇంక నీళ్లల్లకు పోలే మనం. తెప్ప మీదనే ఉన్నవ్. పోయే ముందట ఊపిరి నింపుకుంటవ్ గద? గిది గదే. నింపుకో. ఎంత నింపుకుంటే నాకు అంత టైం ఉంటది, నువ్వు మునిగినంక నీ గొంతుల గొట్టం ఏసేదాంక. మునిగేటప్పుడు నేను చెప్త."

గదిలో నవ్వుతారేమో అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎంత నింపుకుంటే అంత టైం, ఈ మాట ఈ పిల్లకు ఎవరు చెప్పారు? ఇది నారయ్య మాట, చెరువు మాట, ఇది దవాఖానల్లో కూడా చెల్లుతుందా? గడియ దానంతట అదే వదులైంది. పీల్చాడు. మాస్కు మళ్లీ మూసుకుంది, మళ్లీ పీల్చాడు, రబ్బరు తిత్తి ఉబ్బింది, అణిగింది, ఉబ్బింది, తన ఊపిరి అంత ఉందా, అంత పెద్దగా, కంటికి కనబడుతుంటే వింతగా ఉంది. ఎవరో నర్సు సూదిగొట్టం అందించింది, నిండా తెల్లటి మందు, కల్లు తెలుపు, కాదు పాల తెలుపు, ఈ తెలుపుకు ఏ కల్లు సీసా సాటి రాదు. చెయ్యి జర మండుతది, అంది ఆమె. గిప్పుడు మునుగుతున్నం బాపూ. నేను గూడ వస్తున్న. మండింది, మణికట్టు నుంచి మోచేయి దాకా సన్నగా మండుతూ పాకింది, గొంతు దగ్గర గడియ మళ్లీ పడబోయింది, ఇన్నేళ్ల గడియ, నాయిన వేసిన గడియ, దీన్ని పడనివ్వొద్దు, ఇది చావు కాదా, కావచ్చు, కాకపోవచ్చు, ఆ నీళ్లలో నోరు దానంతట అది తెరుచుకుంది, ఇవాళ తానే తెరవాలి, అదొక్కటే తేడా, ఆమె వస్తానంది కదా, తలకాడ ఉంటానంది కదా, తెరువు బుగ్గయ్యా, ఇవ్వు, ఇచ్చెయ్, ఇచ్చాడు, ఐలేష్‌కు ఒక మాట చెప్పి రావాల్సింది, ఆ మూడు మొద్దుల దగ్గర వల పట్టుకుంటే కొయ్యొద్దు, కింది

నుంచి విప్పుకుంటూ రావాలె అని చెప్పాలి, బుగ్గయ్యా కండ్లు తెరువు, చెప్పాలి వాడికి, తెరువు బాపూ, పెద్దగ ఊపిరి తీస్కో, ఇంకా పీల్చమంటున్నది ఈ పిల్ల, పీలుస్తూనే ఉన్నాను కదమ్మా, ఎంత నింపుకోవాలి. కళ్లు తెరిచాడు. తలకిందులు ముఖమే ఉంది. పైన దీపాల పళ్లెం మాత్రం లేదు, తెల్లటి సున్నం కప్పు ఉంది. ఎవరు మార్చారు? గొంతులో ఇసుక పోసినట్టు గరగరలాడింది.

"ఎప్పుడు షురూ చేస్తరమ్మా?"

"అయిపోయింది బాపూ."

హాస్యానికి అనుకున్నాడు. కడుపు మీద చెయ్యి వేయబోతే ఆమె ఆపింది, వేలి కొసలకు పట్టీలు తగిలాయి, అక్కడొకటి, ఇక్కడొకటి. కుడి భుజం ఎందుకో పీకుతోంది. అయిపోయింది. ఎప్పుడు అయిపోయింది? బుగ్గయ్య వెనక్కి పోయి వెతికాడు, చెరువు అడుగున వల కోసం చేతులతో వెతికినట్టు, ఇక్కడ మాస్కు, ఇక్కడ మంట, ఇక్కడ ఐలేష్‌కు చెప్పాల్సిన మాట, ఆ మాట వెనకే కండ్లు తెరువు. మధ్యలో ఏమీ లేదు. చీకటి కూడా లేదు, చీకటైతే చీకటని తెలిసేది. రాత్రి నిద్రపోయి లేస్తే ఎంతో కొంత రాత్రి గడిచినట్టు ఒంటికి తెలుస్తుంది, కల్లు ఎక్కువైన మర్నాడు కూడా ముక్కలు ముక్కలుగానైనా ఏదో ఒకటి మిగులుతుంది, ఎవరిని తిట్టిందీ, ఎక్కడ పడిందీ. ఇక్కడ ముక్క కూడా లేదు. అంతసేపు బుగ్గయ్య అనేవాడు లేడు. లేనివాడి కడుపులో బొక్కలు పెట్టారు, పిత్తం సంచి తీశారు, కుట్లు వేశారు, లేనివాడు మళ్లీ ఉన్నాడు. ఎక్కడికి పోయి వచ్చాడు? మునిగినట్టు లేదు, తేలినట్టు లేదు. ఈ పిల్లను అడగాలి, నీకు తెలుసా బిడ్డా మేమందరం ఎక్కడికి పోతామో, రోజూ పంపిస్తావు కదా. అడిగాడు కూడా, ఆ గరగర గొంతుతో. ఆమె అతని వేలికి క్లిప్పు సర్దుతూ కొంచెం ఆలోచించింది.

"నాక్కూడ తెల్వదు బాపూ. తిరిగొచ్చే తొవ్వ మాత్రం ఎరికే."

ఆ మాటకు బుగ్గయ్యకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు, మత్తు దిగేటప్పుడు కొందరు గట్లనే ఏడుస్తరు అంటోంది నర్సు, అది మత్తు కాదని అతనికి తెలుసు. నాలుకతో తడిమి చూశాడు, ఊగే పన్ను ఉంది. అక్కడే ఉంది, ఊగుతూనే ఉంది, గొంతులోకి గొట్టం పోయి వచ్చినా ఆ పాడు పన్ను కదలకుండా ఎవరో కాసుకున్నారు. రెప్పలకు జిగురు తగులుతోంది, కళ్లు ఎండిపోకుండా పట్టీ వేసి మూశాను అందామె. మడమల కింద దూది. ఒంటి మీద వెచ్చటి దుప్పటి. ఒంట్లో తాను లేనప్పుడు ఈ ముసలి ఒంటిని, బీడీ వాసన, బురద పగుళ్లు, అన్నిటితో కలిపి, ఎవరో కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నారు. ఛాతీ లేస్తోంది, అణుగుతోంది. అంతసేపూ ఇలాగే లేచి అణిగిందా? అణిగే ఉంటుంది, లేకుంటే ఈ ఆలోచన ఎవరిది. ప్రతి ఊపిరీ ఆమె ఆడించింది, ఒక్కటి మరిచిపోయినా చాలు. ఒక్కటి కూడా మరిచిపోలేదు. చెరువంత గౌరవం కలిగింది అతనికి, అంతకన్నా పెద్దది అతని దగ్గర లేదు. దండం పెడదామంటే ఒక చేతికి గొట్టం, ఒక చేతికి పట్టా. ఈలోపు ఎవరో తలుపు దగ్గర నుంచి పిలిచారు, ఆమె ఇంకో నర్సుకు ఏదో చెప్పి, అతని భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, వెళ్లిపోయింది.

నర్సింహమ్మ వచ్చింది. ఆమె రాక ముందు ఆమె గొంతు వచ్చింది, చౌరస్తాలో చేపల గంప ముందు బొచ్చె రవ్వు అని ఒక్క కేక వేస్తే బస్టాండు అవతల ఆటోవాళ్లు తల తిప్పే గొంతు. పెద్ద సారు దేవుడయ్యా, కాళ్లు మొక్కిన, రేపు కొర్రమట్ట తెచ్చిస్తనన్న, అంటోంది. తీసిన రాళ్లను సీసాలో వేసి ఇచ్చారట, ఐలేష్ బయట అందరికీ చూపిస్తున్నాడట, బఠానీ గింజంత ఉన్నాయట ఒక్కోటి. బుగ్గయ్య విన్నాడు. రాళ్లు సీసాలో పెట్టి చూపించొచ్చు. ఆమె చేసినదాన్ని దేంట్లో పెట్టి చూపిస్తారు?

"డాక్టరమ్మ ఏది?" అన్నాడు.

"ఏ డాక్టరమ్మ?"

"తలకాడున్నామె. మహేశ్వరం పిల్ల."

"మత్తు సూదామెనా? ఇంక మత్తు దిగలేదు నీకు. పెద్ద సారును అడుగాలె గని—"

"నర్సింహమ్మా, ఇను. నేను లోపలికి పోయినంక నాకు ఊపిరి లేదు. నేను తీస్కోలే. ఆమె ఆడిచ్చింది. ఇప్పటిదాంక."

నర్సింహమ్మ అతని ముఖం చూసింది. తాగినప్పటి ముఖం ఆమెకు తెలుసు, అబద్ధమాడేటప్పటి ముఖం తెలుసు, ఇది రెండూ కాదు. నీళ్లలోంచి ఐలేష్ లాక్కొచ్చి కట్ట మీద పడేసిన నాటి ముఖమిది. మెల్లగా చెయ్యి చాపి అతని ఛాతీ మీద పెట్టింది, పట్టీలకు తగలకుండా, పైన. లేచింది. అణిగింది. మళ్లీ లేచింది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

"పేరేంది ఆమెది?" అంది చివరికి.

ఊరడిగాడు, తండ్రి పని అడిగాడు, పేరు అడగలేదు. నర్సింహమ్మ లేచింది, కొంగు నడుముకు చెక్కుకుంది, ఎదురుగా ఉన్న ఆపరేషన్ గది తలుపు వైపు తిరిగింది, పిలవడానికి ఊపిరి పీల్చింది. అతను గొట్టం ఉన్న చేత్తోనే ఆమె కొంగు అందుకుని లాగాడు.

"పిల్వకు."

"దండం పెట్టొస్త అంతే."

"ఇంకొకల్లు పండుకున్నరు లోపల."

ఆమె ఆ తలుపు చూసింది. ఎర్ర లైటు వెలుగుతోంది. బయట వరండాలో గోల, ఐలేష్ సీసా ఊపుతూ రాళ్ల కథ చెబుతున్నాడు, ఇంకా కొందరు, లోపల పడుకున్న ఆ ఇంకొకరి చుట్టాలు కావచ్చు, పెద్ద సారు హస్తవాసి గురించి గట్టిగా వాదులాడుకుంటున్నారు. నర్సింహమ్మ చప్పుడు కాకుండా వరండాలోకి పోయింది. బుగ్గయ్యకు అక్కణ్నుంచి ఆమె గొంతు వినబడింది, ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ వినని చిన్న గొంతు.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. లోపల డాక్టరమ్మ మీ మనిషికి ఊపిరాడిస్తున్నది."